తరంగములు - మా అవ్వ పలక

శ్రీకృష్ణలీలాతరంగిణి సంస్కృతకావ్యము; రచించిన నారాయణతీర్థులు తెలుగువారు. గుంటూరు సీమలోని కాజ వారి స్వగ్రామమని పెద్దలు చెప్పుదురు. సన్న్యసించి కావేరీతీరమునకు వచ్చిన ఆ యతి ఉదరశూలతో బాధపడుచుండగా, ఉదయమున మొదట కంటబడిన ప్రాణి వెంట పొమ్మని స్వప్నాదేశమైనదట. కంటబడినది వరాహము. అది చేర్చిన చోటే తంజావూరు చెంతనున్న వరాహూరు. వలసవచ్చిన తెలుగువానికి త్రోవ చూపినది పంది యని మా యింట నవ్వుకొనుటయు కలదు.

కృష్ణజననము మొదలు రుక్మిణీకల్యాణము వఱకు 12 తరంగములు. శ్లోకములు, గద్యములు, గీతములే గాక దరువులును ఇందు గలవు. కావుననే ఇది పాటకును ఆటకును ఒదిగినది. కూచిపూడివారు పళ్లెరపు అంచుపై నిలిచి తరంగమాడుదురు. తమిళదేశమున ఇది భజనగోష్ఠులలో నిలిచినది. మాకును అట్లే అబ్బినది.

ప్రతి గోకులాష్టమికి మా యింట తరంగములు పాడుట వాడుక. అవ్వ యొద్ద తెలుగులిపిలో అచ్చైన పొత్తముండెడిది. మేము తమిళబడిలో చదివినవారము. తెలుగు మాటలాడుదుమే గాని చదువలేము. కనుక మాకు తమిళలిపి ప్రతి తెప్పించిరి. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు అక్షర మొక్కటే. భేదము తెలియుటకై అచ్చువారు అక్షరము ప్రక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేయుదురు. వాని సాయముననే నిర్దుష్టముగా పాడు తమిళ భాగవతులు ఎందఱో కలరు. దోషము లిపిది కాదు, మా తొందరది. ఒక అష్టమినాడు మాలో చిన్నవాడు అంకె చూడక 'గోపాల'ను 'కోపాల' యని పాడెను. అవ్వ తాళము నిలిపి, "కృష్ణునిమీద నీకు కోపమెందుకురా?" అనెను. అందఱము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

మఱునాడే పలక తెచ్చి మాచే క, ఖ, గ, ఘ దిద్దించెను. సంస్కృతము తెలుగును అణచినదని వాదించువారున్నారు. కావచ్చును. మా యింట మాత్రము సంస్కృతము పలుకుటకే తెలుగక్షరములు వచ్చినవి. ఉత్త తెలుగు కొఱకైనచో అంత పట్టుదలతో నేర్చియుందుమని చెప్పజాలము.

అవ్వ గతించి చాలకాలమైనది. పొత్తమునకు అట్ట ఊడినది. మా మనుమలు ఫోనులో రోమనులిపి చూచి పాడుచున్నారు. అందు త, ట రెంటికిని అక్షర మొక్కటే, అంకెయైనను లేదు. పలక అటకమీదనే యున్నది. అష్టమిలోగా బలపములు కొనవలెను.