బందరని వెదికితే మచిలీపట్నం దొరకదు

యూనిక్స్ వాడే మిత్రులకు గ్రెప్‌ను పరిచయం చెయ్యనక్కరలేదు. 1973 నాటి యూనిక్స్‌లోనే ఉన్న ఈ చిన్న ఉపకరణం, మనమడిగిన మాట ఉన్న వరుసలను క్షణంలో ఏరి ముందుంచుతుంది. అయితే దానికి తెలిసినవి అక్షరాలే, ఊళ్ళు తెలియవు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి మా బంధువులలోని పెద్దలు చెప్పగా వ్రాసుకున్న జ్ఞాపకాలు నా దగ్గర ఉన్నాయి. నాగాయలంకది ఒక ఫైలు, కోడూరుది ఒకటి, గుడివాడలో తలదాచుకున్న వారిది మరొకటి. చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే ఇంట్లో పిల్లలకు ఈ ఫైళ్ళే ఆధారం.

చిక్కంతా పేర్లతోనే. గుడివాడ వైపు వారు బందరు అంటారు. ఇంటి కాగితాలలో మచిలీపట్నం అని ఉంటుంది. ఒక పెద్దాయన మచిలీబందరు అన్నారు. పైగా విభక్తులు: బందరులో, బందర్లో, మచిలీపట్నానికి. ఒక్క పేరుతో వెదికితే మిగిలిన వారి మాటలు లేనట్టే అవుతాయి.

ఇక్కడ యూనికోడ్ స్వభావమే అక్కరకు వస్తుంది. దివిసీమ మన కంటికి నాలుగక్షరాలు. డబ్ల్యూసీకి మైనస్ ఎమ్ ఇస్తే ఏడంటుంది, మైనస్ సీ ఇస్తే యూటీఎఫ్-8లో ఇరవయ్యొక్క బైట్లంటుంది. గుడి, పొల్లు వంటి గుర్తులన్నీ హల్లు తరువాత విడిగా నిలుస్తాయి. కనుక మాటను చివరి గుర్తుకు ముందే ఆపివేస్తే చాలు. "బందర" అంటే బందరు, బందర్లో, మచిలీబందరు మూడూ దొరుకుతాయి. గ్రెప్‌కు మైనస్ పెద్ద ఈ ఇచ్చి "మచిల", "బందర" రెంటి మధ్య నిలువు గీత పెడితే ఊరంతా వలలో పడుతుంది. "కోడూర" అంటే కోడూరులో, కోడూర్లో కూడా అంతే. ఇంకా మైనస్ చిన్న ఓ చేర్చి, ఫలితాన్ని సార్ట్‌కు, ఆపై యూనిక్ మైనస్ సీకి పంపితే ఏ ఫైలులో ఏ పేరు ఎన్నిసార్లు ఉన్నదో లెక్క వస్తుంది.

కంటికి కనపడని చిక్కు ఇంకొకటి ఉంది. బస్‌స్టాండు అన్న మాటలో పొల్లు విడిగా నిలవాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉండాలి. గ్నోమ్ వంటి డెస్క్‌టాప్‌లలో కంట్రోల్, షిఫ్ట్, యూ కలిపి నొక్కి, 200సీ కొట్టి, ఎంటర్ నొక్కితే అది వస్తుంది. ఒకరు దానిని పెట్టి, వేరొకరు పెట్టకుండా టైపు చేస్తే గ్రెప్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. అందువల్ల సెడ్‌తో ఆ గుర్తును తొలగించిన పాఠాన్ని పైపు ద్వారా గ్రెప్‌కు అందించాలి.

సెడ్‌కు మైనస్ ఐ ఇచ్చి పేర్లన్నీ మచిలీపట్నం అని మార్చేస్తే పీడ వదులుతుంది కదా అని ఒక మిత్రుడన్నాడు. వెదకడం సులభమవుతుంది, నిజమే. కాని మచిలీబందరు అన్న ఆ పెద్దాయన గొంతు ఆ ఒక్క ఆజ్ఞతో పోతుంది. గుడివాడలో కూర్చుని బందరు బస్సు కోసం ఎదురు చూసిన మనిషి మాట మరొకరి మాటగా మారిపోతుంది. మార్చవలసింది మన ప్రశ్నను, వారి పాఠాన్ని కాదు.

మీరూ ఇంటి పెద్దల మాటలు ఎక్కిస్తూ ఉంటే, పక్కనే ఇంకొక చిన్న ఫైలు ఉంచుకోండి. మీ ఊరిని ఎవరెవరు ఏమని పిలుస్తారో అందులో వరుసకొకటిగా వ్రాయండి. గ్రెప్‌కు మైనస్ చిన్న ఎఫ్‌తో ఆ ఫైలును చూపితే అన్ని పేర్లనూ అదే ఒక్కసారి వెదుకుతుంది.