నడకదారి పక్కన వయ్యారిభామ

వాన ఇప్పుడే వెలిసింది, టీ కూడా వేడిగానే ఉంది. ఈ వానలు మొదలయ్యాక మన కూకట్‌పల్లిలో ఖాళీ ప్లాటు కనిపిస్తే చాలు, చూస్తుండగానే వయ్యారిభామ నడుమెత్తు లేచి తెల్లపూలు ఊపుతుంది. సరే, అది ప్లాటు. పొద్దున్నే గాలి కోసం కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కో, కేబీఆర్ పార్కుకో పోతే బాట అంచున మళ్లీ అదే! నీడ చిక్కగా ఉన్న లోపలికి అంతగా పోదు. మట్టి కదిలిన చోటే దానికి పండగ. మొక్కకు వేల గింజలు. మన బూట్ల బురదకే అంటుకుని మలుపు దాటేస్తాయి. ఈ మొక్క 1950లలో పుణె దగ్గర కనబడింది, అమెరికా గోధుమలతో దిగిందంటారు.

లాంటానాను మాత్రం మనమే పిలిచి కంచె కట్టుకున్నాం. అందం అలాంటిది మరి. ఒకే గుత్తిలో మధ్యన లేతపూలు పసుపు, అంచున ముదిరినవి గులాబీ. ఆకు నలిపారా, ఘాటు! నల్లటి పళ్లు తిన్న పిగిలిపిట్ట ఎక్కడ వాలితే అక్కడ నాటు పడినట్టే. పైపైన నరికితే మొదట్లోంచి మళ్లీ గుబురుగా లేస్తుంది. మట్టి లోపల వేరు మొదలు దగ్గరే తెగ్గొట్టాలి.

సర్కారు తుమ్మ మన గడ్డమీదే కాలుపెట్టింది. 1877 ప్రాంతంలో జమైకా విత్తనం కడప జిల్లా కమలాపురంలో పడింది. ఎన్ని పొయ్యిలు వెలిగించిందో కూడా చెప్పుకోవాలి లెండి.

అలాగని పరాయిదల్లా పాడంటే నేనొప్పుకోను. కూకట్‌పల్లిలో కూర్చుని బయటినుంచి వచ్చినవాళ్లను ఎత్తిపొడిస్తే పక్క ఫ్లాటు భీమవరం వాళ్లు ఊరుకుంటారా? సీతాఫలం అమెరికా ఖండానిదే, మన బండల సందుల్లో తంగేడు పక్కనే సర్దుకుని కాస్తోంది. మిరపకాయా అంతే. వయ్యారిభామకు ఆ మర్యాద లేదు. తన విషంతో పక్క గింజను మొలవనివ్వదు, పుప్పొడితో మనకు తుమ్ములు, ముట్టుకుంటే దద్దుర్లు.

పీకుదామంటారా? పూత రాకముందే, గ్లవ్స్ వేసుకుని పీకండి. పార్కులో అయితే అక్కడి సిబ్బందిని అడిగి మరీ. మన ప్లాట్లలో మాత్రం పీకిన జాగాను ఉత్తగా వదలొద్దు, మళ్లీ అదే వస్తుంది. తంటెం మొక్క గింజలు చల్లితే గుబురుగా కమ్ముకుని దాన్ని లేవనివ్వవు. గింజలు ఏ నర్సరీలోనూ వెతక్కండి. ఈసారి ఊరెళ్లినప్పుడు చేను గట్టుమీద ఎండిన కాయలు నాలుగు గుప్పెళ్లు దూసుకొచ్చేయండి.