నాయిన బండి, మూడు బోరింగ్ షాపులు

మా నాయిన బండి డిక్కీలో ఎప్పుడూ రెండు డబ్బాలుంటాయి. ఒకటి నీళ్లది, ఇంకోటి ఇంజిన్ ఆయిల్‌ది. పోయిన ఎండాకాలం నీళ్ల డబ్బా కంటే ముందే ఆయిల్ డబ్బా ఖాళీ అవడం మొదలైంది.

బండి 2013 మోడల్ స్విఫ్ట్ డిజైర్. డీజిల్, పసుపు నంబర్ ప్లేటు. మీటర్ మీద 3,86,000 కిలోమీటర్లు. సంగారెడ్డి నుంచి ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీలకు స్టాఫ్ ట్రిప్పులు కొడతాడు నాయిన. 700 కిలోమీటర్లకు ఒక లీటర్ ఆయిల్ తాగేస్తోంది. పొద్దున స్టార్ట్ చేస్తే వీధంతా నీలం పొగ. ఒకరోజు కంపెనీ గేటు దగ్గర ఆ పొగ ఎవరి కంట్లో పడిందో ఏమో, ట్రావెల్స్ వాళ్లు ఫోన్ చేశారు. పదిహేను రోజుల్లో బండి బాగవ్వాలి, లేదంటే ట్రిప్పులు వేరేవాళ్లకు ఇచ్చేస్తామని.

మా మెకానిక్ అన్న ఆయిల్ మూత తీసి, ఇంజిన్ నడుస్తుండగా అరచెయ్యి పెట్టి చూశాడు. లోపల్నుంచి పుక్కుపుక్కుమని గాలి తన్నుతోంది. టర్బో పైపు కూడా విప్పి చూశాడు, అక్కడేం లేదు. కంప్రెషన్ పెడితే మూడో సిలిండర్ బాగా పడిపోయింది. "బోర్‌కి వచ్చింది కాకా. ఇంజిన్ దింపాలె" అన్నాడు.

ఫుల్ ఇంజిన్ పని అంటే అంతా కలిపి 80, 90 వేలు. బండి అమ్మితే రెండు లక్షలు కూడా రావు. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కిద్దామా అంటే, అదెన్ని లక్షల కిలోమీటర్లు తిరిగొచ్చిందో ఎవరికి తెలుసు? కొత్త డీజిల్ డిజైర్ కొందామంటే 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ కార్లే మానేసింది. అయినా కొత్త బండి ఈఎంఐ మాట ఎత్తితేనే అమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుంది. దానికో కారణం ఉంది.

నా చిన్నప్పుడు నాయినకు ఇండికా ఉండేది. దానికీ ఇలాగే బోరింగ్ చేయించాడు. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ పొగ. బోరింగ్ షాపువాడు 'మెకానిక్ సరిగ్గా బిగించలేదు' అన్నాడు. మెకానిక్ 'బోరే సరిగ్గా కొట్టలేదు' అన్నాడు. ఎవరిది తప్పో తేలలేదు కానీ బండి తుక్కుకు పోయింది. బ్యాంకులో పెట్టిన అమ్మ గాజులు మూడేళ్ల తర్వాత ఇంటికొచ్చాయి.

అందుకే ఈసారి నేనూ వస్తానన్నాను. నేను మెకానికల్ డిప్లొమా చదివి, పాశమైలారంలో ఒక పార్టుల కంపెనీలో క్వాలిటీ చెకింగ్ చేస్తాను. రోజంతా బోర్ గేజ్, మైక్రోమీటర్లతోనే పని. డ్యూటీలో 10 మైక్రాన్లు తేడా వస్తే పీసు పక్కన పడేస్తాను. మన తల వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు, అంటే వెంట్రుకలో ఏడో వంతు తేడాకే రిజెక్ట్. అలాంటి నేను మొదటి షాపుకెళ్లి ఏమడిగానో తెలుసా? "ఎంతవుతుంది అన్నా?"

ఆ షాపు పటాన్‌చెరు దగ్గర హైవే మీదే ఉంది. పెద్ద మిషన్లు, గాజు తలుపు, గోడ మీద దేవుడి పటం పక్కన రేట్ల బోర్డు. కౌంటర్ దగ్గరున్నతను బ్లాకు వైపు చూడను కూడా చూడలేదు. "నాలుగు బోర్లు కొట్టేస్తం, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్. ప్యాకేజ్ మేడం. రెండ్రోజుల్లో ఇచ్చేస్తం" అన్నాడు. ముందు కొలవరా అని అడిగాను. "ఎందుకు మేడం? ఎట్లయినా కొట్టేదే గదా" అని నవ్వి, "మీ నాయిన రాలేదా?" అని అడిగాడు. నాయిన నా వెనకాలే నిలబడి ఉన్నాడు.

రెండోది మెకానిక్ అన్న ఎప్పుడూ పనిచ్చే షాపు. అక్కడ మనుషులు మంచివాళ్లే, టీ కూడా తెప్పించారు. కానీ షాపు ముందు మట్టిలో వేరేవాళ్ల బ్లాకులు నాలుగున్నాయి. హోనింగ్ అయిపోయినవే. ఒకదాని బోరులో వేలు పెట్టి తీస్తే ఎర్రగా తుప్పు అంటింది. హోనింగ్ రాయి గీసే అడ్డదిడ్డం గీతలున్నాయే, ఆయిల్ నిలబడేది వాటిల్లోనే. కొత్తగా గీసిన ఇనుముకు వెంటనే ఆయిల్ పుయ్యకపోతే చెమ్మకి పూటలోనే తుప్పు పడుతుంది. నాయినకి సైగ చేశాను.

బయటికొచ్చాక నాయిన మొహం మాడ్చుకున్నాడు. అసలు సంగతి నాకు అప్పుడే అర్థమైంది. బోరింగ్ షాపు నుంచి మెకానిక్‌కి కమీషన్ వస్తుంది. అది లోకమంతా ఉన్నదే. మనం వేరే షాపుకి పోతే ఆ డబ్బు పోతుంది. "పదేండ్ల సంది మనల్ని అర్ధరాత్రి కూడా ఆదుకున్నోడు బిడ్డా. ఆని పొట్ట మీద కొట్టొద్దు" అన్నాడు. ఇంట్లో కూడా దీని మీదే గొడవ. చివరికి నాయినే నేరుగా మెకానిక్ అన్నకు చెప్పాడు: షాపు మేం చూసుకుంటం, నీ కూలీ మీద రెండు వేలు ఎక్కువ తీస్కో అని. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఓ పేరు చెప్పాడు. "లేట్ జేస్తడు, కమీషన్ ఇయ్యడు. పని మాత్రం మస్తుంటది" అని.

అలా మూడో షాపు దొరికింది. సంగారెడ్డిలో ఒక గల్లీలో రేకుల షెడ్డు. బోరింగ్ మిషన్ నాకంటే పెద్దది, వయసులో. దాన్ని నడిపే చాచాకి అరవైకి దగ్గర. కుర్రాడిగా ఉన్నప్పుడు జహీరాబాద్‌లో అల్విన్ నిస్సాన్‌లో అప్రెంటిస్‌గా చేరాడట. మన హైదరాబాద్ అల్విన్ వాళ్లు జపాన్ నిస్సాన్‌తో కలిసి అక్కడ చిన్న లారీలు తయారుచేసేవాళ్లు. తర్వాత అది మహీంద్రా చేతికొచ్చింది. ఈ బెల్టులో చెయ్యి తిరిగిన పనివాళ్లని కదిలిస్తే అల్విన్, బీహెచ్ఈఎల్, బాలానగర్ టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్, వీటిలో ఏదో ఒకటి బయటికొస్తుంది.

చాచా రేటు చెప్పలేదు. "పిస్టన్లు తెచ్చినవా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఎంతకి కొట్టాలె నేను?"

నిజమే. పిస్టన్ని చేతిలో పెట్టుకుని, దాన్ని కొలిచి, దానికుండాల్సిన గ్యాప్ కలిపి బోరు కొడతారు. ముందు బోరు కొట్టేసి తర్వాత పిస్టన్ వెతుక్కోవడమంటే, చెప్పుకి తగ్గట్టు కాలు కోసుకోవడమే.

ఆ రోజు కొలవను కూడా లేదు. మే నెల, బ్లాకు ట్రాలీ ఆటోలో ఎండకొచ్చింది. "రేపు రాండ్రి, చల్లబడనీ" అన్నాడు. నాయిన విసుక్కున్నాడు, పదిహేను రోజుల్లో నాలుగు అప్పటికే అయిపోయాయి. నేను ఇంటికెళ్లి లెక్క కట్టాను. ఈ ఇంజిన్ బోరు 69.6 మిల్లీమీటర్లు. పోత ఇనుము 15 డిగ్రీలు చల్లబడితే అంత బోరు 11, 12 మైక్రాన్లు తగ్గుతుంది. మా కంపెనీలో ఆ తేడాకి పీసు రిజెక్ట్ అవుతుంది. మా కొలతల గదికి 20 డిగ్రీల ఏసీ ఉంటుంది. చాచాకి రాత్రి ఉంది.

మర్నాడు గేజ్‌ని మైక్రోమీటర్‌లో పెట్టి సున్నా చేసుకుని, ఒక్కో సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద కొలిచాడు. ప్రతిచోటా రెండు దిక్కుల్లో. నాలుగు సిలిండర్లకు 24 అంకెలు. చదువుతూ పోయాడు, నేను నోట్‌బుక్కులో రాశాను. మూడోదాంట్లో కింద 69.61, పైన 69.74. రింగులు పైకెళ్లి ఆగి తిరిగేచోటే మంట వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. అందుకే అరుగుదల పైనే ఎక్కువ ఉంటుంది. గిన్నెలా వెడల్పయిన ఆ మూతిలో రింగు ఎంత కొత్తదైనా నిలవదు.

క్రాంక్ దగ్గర నేను అనుకోనిది జరిగింది. జర్నల్స్ అన్నీ కొలిచి, గోటితో గీకి చూసి, "దీనికి గ్రైండింగ్ వద్దు. పాలిష్ చాలు. అరగని దాన్ని అరగదీసుడెందుకు?" అన్నాడు. మొదటి షాపు ప్యాకేజీలో ఇది కూడా ఉంది కదా! హెడ్ మీద సమతలం స్కేలు పెట్టి కింద ఫీలర్ దూర్చి చూశాడు. వంపు లేదు. దాని జోలికీ పోలేదు, వాల్వులకు సీట్ల పని మాత్రం చేస్తానన్నాడు. తనకొచ్చే డబ్బులు తనే వద్దనుకుంటున్న మనిషిని నాయిన అలా చూస్తూ ఉండిపోయాడు.

పిస్టన్ల కోసం రాణిగంజ్ వెళ్లాం. ఓవర్‌సైజ్ సెట్ రెండో షాపులో దొరికింది. చాచా నాలుగూ కొలిస్తే ఒకటి మిగతావాటి కంటే 10 మైక్రాన్లు పెద్దది. దాని మీద మార్కర్‌తో 2 అని రాసి, రెండో బోరు దానికోసమే కొట్టాడు. మొత్తం ఆరు రోజులు. ట్రావెల్స్ వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు. నాయిన ఎత్తలేదు.

చివరి రోజు గురించి చెప్పాలి. హోనింగ్ అయ్యాక బ్లాకుని డీజిల్‌తో తుడిచి ఇచ్చేస్తారని నాయిన అనుకున్నాడు, ఇండికాకి అలాగే ఇచ్చారట. చాచా వేణ్నీళ్లు పెట్టించాడు. సర్ఫ్ కలిపి, ఆయిల్ దారుల బిరడాలు తీసి, సన్నటి బ్రష్షులతో తోమించాడు. రాయిపొడి ఆ గీతల్లో ఇరుక్కుంటే డీజిల్‌కి రాదు, సబ్బునీళ్లకే వస్తుంది. అది లోపలే ఉండిపోతే కొత్త రింగుల్ని ఉప్పుకాగితంలా గీకేస్తుంది. "తెల్లబట్ట ఉందా?" అని అడిగాడు. నాయిన జేబులోంచి దస్తీ తీసిచ్చాడు. బోరులో తిప్పి తీస్తే బూడిదరంగు. మళ్లీ కడిగారు. మళ్లీ బూడిదరంగే, కాస్త తక్కువ. మూడోసారి దస్తీ తెల్లగా వచ్చింది. వెంటనే గాలి కొట్టి ఆయిల్ పూశాడు. నాయిన ఆ దస్తీని మడతపెట్టి జేబులో పెట్టుకుంటూ, "ఇండికాకి గిదే జరిగిందేమో" అన్నాడు. పదిహేనేళ్లలో ఆ బండి గురించి ఆయన మాట్లాడటం నేను విన్నది అదే మొదటిసారి.

మెకానిక్ అన్న రింగుల గ్యాపు కూడా ఫీలర్‌తో చూసి మరీ బిగించాడు. పద్నాలుగో రోజు సాయంత్రం స్టార్ట్ చేశాం. మొదట కొంచెం పొగ, బిగించేటప్పుడు పూసిన ఆయిల్‌ది. తర్వాత ఏమీ లేదు. ఆ రాత్రి నాయిన, నేను సదాశివపేట దాటి జహీరాబాద్ దాకా వెళ్లొచ్చాం. స్పీడు పెంచుతూ, తగ్గిస్తూ, ఇంజిన్‌ని ఏడిపించకుండా. రేడియో పెట్టనివ్వలేదు.

ట్రావెల్స్ వాళ్లు సగం ట్రిప్పులు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. మిగతా సగం ఉన్నాయి. వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్ మార్చాం. ఇప్పటికి తొమ్మిది వేలు తిరిగింది, డిప్‌స్టిక్ మీద గీత అక్కడే ఉంది. 24 అంకెలున్న ఆ నోట్‌బుక్కు కాగితాన్ని నాయిన ఇన్సూరెన్స్ కాగితాలతో పాటే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. డిక్కీలో ఆయిల్ డబ్బా కూడా అలాగే ఉంది, సీల్ తియ్యకుండా. ఇంకెందుకు తీసెయ్ నాయినా అంటే, "ఉండనీ తియ్" అంటాడు.