నేను వచ్చేదాకా ఆగే ఆట

ఈసారి వంటలూ కాదు, పిల్లల చదువులూ కాదు, వీడియో గేముల గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు ముందే నవ్వేసుకోండి, తర్వాత తీరిగ్గా చదువుదురుగాని. మా వారు ఇప్పటికే నవ్వేశారు. మా అమ్మాయి తన ఫ్రెండ్స్ అందరికీ చెప్పేసింది. కాబట్టి మీరు కొత్తగా నవ్వినా నాకు పోయేదేం లేదు!

సంగతేంటంటే, పోయిన ఏడాది మా అత్తయ్యగారు బాత్రూములో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చారు. ఆ తర్వాత నాలుగు నెలలు ఎలా ఉంటాయో పెద్దవాళ్ళని చూసుకున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మందులు, ఫిజియోథెరపీ, బెడ్‌పాన్, రాత్రిళ్ళు రెండేసి గంటలకి లేచి పక్కకి తిప్పడం. పని ఎక్కువైందని కాదు నా బాధ, పని మనకేం కొత్త? ఏది మొదలుపెట్టినా సాగకపోవడమే బాధ. పుస్తకం తెరిస్తే రెండో పేజీలో పిలుపు. మళ్ళీ వచ్చి చూసుకుంటే ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోయుంటాను. నిద్రపోదామంటే ఎలాగూ గంటలో లేవాలి. ఫోన్లో ఆటలు కొన్నాళ్ళు ఆడాను. అయిదు నిమిషాల్లో బోనస్ అయిపోతుందని ఒకటే తొందర, మధ్యలో ప్రకటనలు. ఇంట్లో తొందరపెట్టేవాళ్ళు చాలరా, ఫోన్ కూడానా?

పుణెలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదంతా చూశాడు. వెళ్ళేటప్పుడు తన పాత లాప్‌టాప్ నాకిచ్చి "అమ్మా, నీకు డంజియన్ క్రాలర్లు నచ్చుతాయి" అన్నాడు. అదేంట్రా అంటే, నలుగురైదుగురితో ఒక జట్టు కట్టి, నేలమాళిగల్లో చిక్కుదారులు పట్టుకుని తిరుగుతూ, ఎదురొచ్చిన భూతాలతో పోరాడుతూ, దొరికిన సొమ్ము మూటగట్టుకుంటూ అంతస్తు తర్వాత అంతస్తు దిగడమట. చందమామలో మాంత్రికుల గుహలు చదివి పెరిగిన ప్రాణం కదా, సరే అన్నాను.

వాడు పెట్టిచ్చిన మొదటి ఆటలో నేల అంతా గళ్ళు గళ్ళుగా ఉంది. ఒక మీట నొక్కితే ఒక గడి ముందుకి, ఇంకోటి నొక్కితే పక్కకి తిరగడం. భలే ఉందే అనుకుంటూ నాలుగు గదులు దాటానో లేదో, "అమ్మాయ్, కాస్త మంచినీళ్ళు" అని పిలుపు. వెళ్ళి, నీళ్ళు పట్టి, దిండు సర్ది వచ్చేసరికి నా జట్టులో నలుగురూ చచ్చిపడి ఉన్నారు. నేను లేనప్పుడు ఏదో జంతువు వచ్చి తాపీగా తినేసి పోయింది! అబ్బాయికి ఫోన్ చేస్తే "పాజ్ నొక్కి వెళ్ళాలమ్మా" అన్నాడు. "నానమ్మ పిలిస్తే నేను ముందు పాజ్ బటన్ వెతుక్కోవాలా?" అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే నీకు వంతులవారీగా సాగేవి కావాలి, వెతుకుదాం" అన్నాడు.

అలా మొదలైంది మా వెతుకులాట. చీరల కొట్లో కూర్చున్నట్టే. వాడు ఒక్కోటి తీసి చూపించడం, నేను ఇది కాదు, ఆ రంగులో ఆ అంచు ఉందా అనడం. డంజియన్ క్రాలర్ అనే పేరు కింద రకరకాలవి ఉంటాయని అప్పుడే తెలిసింది. 1996లో వచ్చిన డయాబ్లో లాంటివి ఉన్నాయి, అందులో నిలబడే వీలుండదు, నొక్కుతూనే ఉండాలి. 1980 నాటి రోగ్ అనే ఆట దారి పట్టినవి ఇంకో కుటుంబం. వాటిలో గళ్ళూ ఉన్నాయి, వంతులూ ఉన్నాయి. కానీ పైనుంచి చూస్తున్నట్టు ఆడాలి, పైగా ఒకసారి చస్తే మొత్తం మొదటికే. నన్ను తినేసిన ఆట లాంటివి మూడో రకం. అడుగు గడి మీదే పడుతుంది గానీ కాలం మాత్రం మనకోసం ఆగదు. ఈ రకానికి పెద్ద పేరు తెచ్చింది 1987లో వచ్చిన డంజియన్ మాస్టర్ అట. 2012లో వచ్చిన లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్ కూడా ఆ వంశమే. వాటిని మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నా ఇంటికే అవి సరిపడవు.

నాకు కావలసిన రకానికి పెద్దక్క విజార్డ్రీ. 1981లో ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు ఆపిల్ 2 కంప్యూటర్ కోసం తయారుచేశారు. పది అంతస్తుల నేలమాళిగ, ఒక్కో అంతస్తు అటు 20 గళ్ళు ఇటు 20 గళ్ళు. ఆరుగురు మనుషుల జట్టు. భూతం ఎదురైతే ఆరుగురూ ఏం చెయ్యాలో ఒక్కొక్కరికీ చెప్పేదాకా అది కదలదు. పాలు పొంగినా, కుక్కర్ కూసినా, కాలింగ్ బెల్ మోగినా అది అలాగే నిలబడి ఉంటుంది! 1985లో ది బార్డ్స్ టేల్, 1986లో మైట్ అండ్ మ్యాజిక్ ఇదే దారిలో వచ్చాయి. తర్వాత జపాన్ వాళ్ళు ఈ ఆటలని ఎంత ఇష్టపడ్డారంటే, మిగతా చోట్ల మోజు తగ్గినా వాళ్ళు మాత్రం చేస్తూనే ఉన్నారు. అందుకే ఈ రకం కావాలంటే సగం జపాన్ పేర్లే తగులుతాయి.

మొదట ఎట్రియన్ ఒడిస్సీతో మొదలుపెట్టాను. 2007లో చిన్న నింటెండో డీఎస్ మీద వచ్చిన ఆట, 2023లో కంప్యూటర్లకి కూడా కొత్తగా తయారుచేసి ఇచ్చారు. ఇందులో మ్యాపు మనమే గీసుకోవాలి. నడిచిన దారి పక్కన గోడలు, తలుపులు, పెట్టెలు అన్నీ మన చేత్తోనే గుర్తుపెట్టుకోవాలి. ఆ ఊళ్ళో పెద్దల కచేరీ పేరు రాధా హాల్! మన కల్యాణ మండపం పేరులా లేదూ? ఆ కచేరీ వాళ్ళు మనకి అప్పజెప్పే మొదటి పనే మ్యాపు గీసుకురమ్మని. కష్టం ఎంత ఉండాలో ఎంచుకోవచ్చు, అన్నిటికంటే తేలికదాని పేరు పిక్నిక్. నేను సిగ్గుపడకుండా అదే ఎంచుకున్నాను.

అందులో నాకు బాగా నచ్చింది పెద్ద భూతాల సంగతి. అవి మ్యాపు మీద ముందే కనిపిస్తాయి. నేను ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు వేస్తుంది. నేను ఆగితే అదీ ఆగుతుంది. మనకంటే చాలా బలమైనది, ఎదురుగా వెళితే అంతే సంగతులు. దాని నడక గమనించి, ఏ మూల తిరిగాక ఏ గడిలోకి వస్తుందో లెక్కేసుకుని పక్కనుంచి తప్పుకోవాలి. చిన్నప్పుడు అరుగు మీద పులి-మేక ఆడినవాళ్ళకి ఇది వెంటనే పట్టుబడుతుంది.

మా వారు ఒకరోజు "ఈ వయసులో ఈ ఆటలేంటి, కాసేపు పడుకోవచ్చుగా" అన్నారు. "ఏవండీ, మీరు క్రికెట్ చూస్తారుగా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ ఆడేది నేనే" అన్నాను. ఆయన మంచివారే, కోపంతో అన్న మాట కాదు. కానీ పడుకుంటే విశ్రాంతి ఒంటికే. రోజంతా ఎవరో పిలిస్తే పలకడమే తప్ప, నా అంతట నేను ఒక ఆలోచన పట్టుకుని దాని చివర చూసి ఎన్నాళ్ళైందో ఆయనకి తెలియదు. ఈ ఆటలో సగంలో వదిలిన ఆలోచన వదిలిన చోటే దొరికింది. పదకొండింటికి వదిలిన భూతం ఒంటిగంటకి వచ్చినా అక్కడే ఉంది. దొరికిన ఆ పావుగంట పూర్తిగా నాది.

తర్వాత 2024లో కొత్తగా ముస్తాబై వచ్చిన విజార్డ్రీ పట్టుకున్నాను. బొమ్మలు ఈకాలంవి, లోపల నడిచేది ఆ పాత ఆటే. తెర మూల 1981 నాటి గీతల బొమ్మ కూడా చూసుకోవచ్చు. అప్పటివాళ్ళు గ్రాఫ్ కాగితాల మీద మ్యాపు గీసుకునేవారని విని, అమ్మాయి పదో తరగతి గ్రాఫ్ పుస్తకంలో మిగిలిన పేజీలు తీసుకున్నాను. ఒక విషయం ముందే చెప్తాను, ఇది కఠినమైన ఆట. చచ్చినవాడిని గుడికి తీసుకెళ్ళి బతికించుకోవచ్చు. అది ఫలించకపోతే బూడిదవుతాడు, రెండోసారీ ఫలించకపోతే ఇక లేనట్టే. ఒకతన్ని అలా పోగొట్టుకుని నిజంగానే దిగులుపడ్డాను.

అప్పటికి అత్తయ్యగారు లేచి కూర్చుంటున్నారు. ఒక మధ్యాహ్నం ఆవిడ మంచం పక్కనే కూర్చుని పుస్తకంలో గీస్తుంటే, "ఏం ముగ్గమ్మా అది?" అన్నారు.

"ముగ్గు కాదండీ, లోపలికి దారి" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఒకప్పుడు సంక్రాంతికి ఆవిడ వేసే 21 చుక్కల ముగ్గుని వీధి వీధంతా వచ్చి చూసేవారు. వేలు పెట్టి, "అన్ని పక్కలా నిండుగా ఉంది, ఈ మూల ఖాళీగా వదిలేశావే? ఇంత లెక్కగా కట్టినవాడు ఊరికే వదులుతాడా?" అన్నారు.

నిజమే, అక్కడ ఆరేడు గళ్ళు తెల్లగా మిగిలిపోయాయి. వెళ్ళి వెలుతురు మంత్రం వేసి చూస్తే, ఇన్నాళ్ళూ గోడ అనుకున్నచోట తలుపు! ఆవిడకి చెప్తే "చెప్పానా" అన్నారు, పెద్ద విశేషమేమీ కానట్టు. కానీ మర్నాడు నుంచి మందులేసుకోగానే "ఎంతవరకు వచ్చావు?" అని అడగడం మొదలుపెట్టారు. ఇరవయ్యేడేళ్ళ కాపురంలో మేమిద్దరం ఉప్పు గురించి, కారం గురించి, పాలవాడి లెక్క గురించి బోలెడు మాట్లాడుకున్నాం. సరిచుక్కకీ సందుచుక్కకీ లెక్క ఎలా మారుతుందో, పక్కింటివాళ్ళ ముగ్గు చూసొచ్చి ఇంట్లో పలక మీద ఎలా వేసి చూసుకునేవారో ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు చెప్తుంటే వింటున్నాను. భూతాల గోల మాత్రం ఆవిడకి పట్టదు, దారుల లెక్కే కావాలి.

ఇప్పుడు ఆవిడ వాకర్ పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు. నాకు రాత్రిళ్ళు నిద్ర దొరుకుతోంది. అయినా ఆట మానలేదు, నాలుగో అంతస్తులో ఉన్నాను.

మీలో ఎవరికైనా ఆడాలనిపిస్తే కొనేముందు మూడు సంగతులు చూసుకోండి. అడుగు గడి గడిగా పడుతుందా, పోరాటం వంతులవారీగా ఉందా, మనం ఏమీ నొక్కకుండా వదిలేస్తే అంతా ఆగి ఉంటుందా. వివరణలో ఏం రాసినా, ఎవరైనా ఆడుతున్న వీడియో రెండు నిమిషాలు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. తేలిగ్గా మొదలుపెట్టాలంటే ఎట్రియన్ ఒడిస్సీ, గుండె దిటవు ఉంటే విజార్డ్రీ. ధర ఎక్కువ అనిపిస్తే తగ్గింపు అమ్మకాలు వచ్చేదాకా ఆగండి. దగ్గర ఒక గ్రాఫ్ పుస్తకం పెట్టుకోండి. పెన్ను వద్దు, పెన్సిలే మంచిది, రబ్బరు తప్పనిసరి. గీసింది ఇంట్లో పెద్దవాళ్ళకి ఒకసారి చూపించండి.