వాకిట్లో సిమెంటు, వాకిట్లో మట్టి

వానాకాలం వచ్చిందంటే మా గడ్డపోతారంలో గేటు నుంచి గడప దాకా బురదే. పోయిన ఏడాది అత్తమ్మ జారి పడ్డాక, చిట్టీ డబ్బులు రాగానే కారు దారికి కాంక్రీటు పోయించాలనుకున్నాం. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. కారు బరువు ఆగాలంటే 4 అంగుళాల మందం ఉండాలి. 1:1.5:3 పాళ్లలో కలిపితే సిమెంటే సుమారు 15 బస్తాలు. కంకర, ఇసుక, కూలి వేరే. "రెండంగుళాలు చాలమ్మా" అన్నాడు మేస్త్రీ. పగిలిపోయేదానికి సగం డబ్బు మాత్రం ఎందుకు?

పాప కాలేజీ ఫీజు కూడా ఆ చిట్టీలోంచే కట్టాలి. నేను లెక్క రాస్తుంటే అత్తమ్మ అడిగింది: "అంతా సిమెంటే పోస్తే సాన్పి ఏడ చల్లాలె బిడ్డా?"

ఆ మాటతోనే ఉపాయం దొరికింది. చక్రాలు నడిచే చోట 2 అడుగుల వెడల్పున రెండు పట్టీలు చాలు. మందం తగ్గదు, సిమెంటు మాత్రం 6 బస్తాలకు దిగుతుంది. మిగిలింది ఫీజుకు. పట్టీ మీద అత్తమ్మ నిమ్మళంగా నడవొచ్చు. నడుమ మట్టిలో వాన ఇంకుతుంది, ముగ్గూ పడుతుంది.

మీరూ పోయించుకుంటే, నీళ్లు ఇంటివైపు రాకుండా వాలు పెట్టించండి. కాలు జారకుండా పైన చీపురు గీతలు గీయించండి. కనీసం 7 రోజులు తడపండి. ఆ తడిపే పని మేస్త్రీది కాదు, మనదే.