ఎనిమిది ముక్కల చిత్తూరు

'చిత్తూరు'... కాగితం మీద రాస్తే మూడే అక్షరాలు. కంప్యూటర్‌కి మాత్రం ఎనిమిది ముక్కలు. చ, గుడి, త, పొల్లు, మళ్లీ త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. గుడిని 'చ' నెత్తిన పెట్టి, రెండో 'త'ని ఒత్తుగా మార్చి కిందికి దించే పని బ్రౌజర్‌ది, దాని వెనకున్న విండోస్‌ది. ఆ పని చేతకాని కంప్యూటర్లో మన ఊరు 'చిత్‌తూరు' అయిపోయేది. అదీ తెలుగు ఫాంటుంటేనే. లేకపోతే వరసగా డబ్బాలు!

విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో 'గౌతమి' అనే తెలుగు ఫాంటు వచ్చింది. ఉంటే చాలదు, కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి ఓ గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే ఎక్స్‌పీ సీడీ అడిగేది. నెట్ సెంటర్‌కి వెళ్లినవాళ్లు ఆ సీడీ ఎక్కణ్నుంచి తెస్తారు? ఆ బాధ 2007లో విస్టా వచ్చాకగానీ తీరలేదు.

అందుకే అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు అడ్డదారి తొక్కాయి. తప్పు పట్టలేం, వేరే దారి లేదు. ఎవరికి వారు సొంత ఫాంటు చేయించుకుని, ఇంగ్లిషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో పేజీతోపాటే ఫాంటూ దిగేది. నెట్‌స్కేప్‌కి ఆ ఫైలు పనికిరాదు, మరో రకం కావాలి. సైటు కట్టేవాళ్లకి ఒకే పేజీకి రెండు కాపురాలు! 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్‌కి ఆ రెండూ గిట్టలేదు. జిల్లా వార్తలు చదువుదామని అమెరికాలో కూర్చున్న కొడుక్కి తెరనిండా అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు కనబడేవి.

అప్పుడు ఆదుకున్నది 'పద్మ'. నాగార్జున వెన్న ఫైర్‌ఫాక్స్ కోసం రాసిన చిన్న ప్రోగ్రాం. పేజీ ఏ ఫాంటులో ఉందో పోల్చుకుని, దాన్ని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. డబ్బులిచ్చి కొనే పనిలేదు. ఆ రోజుల్లో ఇంతకన్నా పెద్ద ఉపకారం ఎవరూ చేయలేదంటే అతిశయోక్తి కాదు.

ఎక్స్‌ప్లోరర్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సాగనంపింది. ఇప్పుడు ఏ ఫోన్లో చూసినా చిత్తూరు చక్కగా మూడక్షరాలే. మరి ఆనాటి పేజీలో? ఆ పాత ఫాంట్లలో ఉండిపోయిన వాటిని గూగుల్‌లో 'చిత్తూరు' అని కొట్టి పట్టుకోవడం కుదరదు. అసలు అందులో చిత్తూరన్న మాటే లేదు కదా! పిల్లకి మంచి ర్యాంకొచ్చిందనో, తాతగారి ఫొటో పడిందనో అప్పట్లో సీడీలో దాచుకున్న పేజీ తెరిస్తే ఫొటో పోల్చుకోవచ్చు, కింద పేరు చదవలేం.

అలాంటిది ఇంట్లో ఉంటే చెరిపెయ్యకండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, అక్షరాల మధ్య ఎక్కడో ఫాంటు పేరు రాసి ఉంటుంది. ఆ ఫాంటు దొరికితే పేరూ దొరుకుతుంది.