హిమాలయ సాలమాండరు

మా తరగతిలో సాలమాండరు పటమును చూపినప్పుడెల్ల బాలురు "బల్లి, బల్లి" యని కేకలు వేయుదురు. వారి తప్పు లేదు. నాలుగు కాళ్లును పొడుగు తోకయు నుండి, కప్పవలె తడిచర్మము గల జంతువు తెలుగునాట లేదు. కావున దానికి మన భాషలో పేరును లేదు. ఆదాము పేరు పెట్టినవానిలో నిదియు నొకటియై యుండవచ్చును గాని, తెలుగువారికి ఆ యవసరము కలుగలేదు.

భారతదేశమున సాలమాండరులు తూర్పు హిమాలయములందును ఈశాన్యపు కొండలందును మాత్రమే యున్నవి. డార్జిలింగు కొండలలో దానిని చూచు భాగ్యము గత వేసవి సెలవులలో మాకు కలిగెను. సుఖియాపోఖ్రి సమీపమున, పొలముగట్టు ప్రక్కనున్న చిన్న మడుగునొద్ద ఒక నేపాలీ వృద్ధుడు మాకు దానిని చూపెను. జానెడు పొడవు, గోధుమవన్నె, ఇరుప్రక్కల వరుసగా బొడిపెలు. మేము వంగి చూచుచున్నను అది పరుగెత్తలేదు. తీరికగా ఒక్కొక్క కాలే తీసివేయుచు గడ్డిలోనికి పోయెను. ఆ నడక చూచిన పిమ్మట దానిని బల్లితో పోల్చుటకు మాకు మనసొప్పదు.

దాని బ్రతుకంతయు వానమీద నాధారపడినది. చలికాలమున రాళ్లక్రిందను, కుళ్లిన ఆకులక్రిందను దాగియుండును. వానలు మొదలుకాగానే మడుగులకు వచ్చి నీటిమొక్కలకు గ్రుడ్లను అంటించును. పిల్లలకు మొదట మెడకు ఇరుప్రక్కల కుచ్చులవంటి మొప్పలుండును. మడుగు ఎండకమునుపే అవి మొప్పలను విడిచి, గాలి పీల్చుచు నేలకెక్కవలెను. మడుగు ఎండుటయు నొక మేలే. ఎండిన చోట చేపలు నిలువవు. చేపలున్న చోట గ్రుడ్లును పిల్లలును దక్కుట కష్టము.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. నాలుగు నెలలుండి ఎండిపోవు గుంటను ఎవరు లెక్కచేయుదురు? కొందరు పూడ్చి ఇల్లు కట్టుదురు. కొందరు బాగుచేయుదుమని సిమెంటు గోడలు కట్టి చేపలు విడుతురు. పూడ్చుటకంటె ఈ బాగుచేయుటయే మాకు ఎక్కువ భయము కలిగించుచున్నది, ఏలయనగా అందు నీరుండును, చూచువారికి లోపమేమియు కనబడదు.

శాస్త్రజ్ఞులకును దాని సరియైన పేరు ఆలస్యముగనే తెలిసెను. చైనాలోని యునాను ప్రాంతపు సాలమాండరునకు 1871లో ఆండర్సను అను శాస్త్రజ్ఞుడు పేరు పెట్టగా, హిమాలయములందున్నదియు అదియే యని చిరకాలము తలంచిరి. 2015లో ఇది వేరు జాతి యని తేల్చి టైలోటోట్రైటాన్ హిమాలయానస్ అని పేరిడిరి. బహుదేశములందున్నదని ధైర్యముగానున్న జాతి కొలది కొండలకే పరిమితమని దీనిచే తెలియవచ్చెను.

దీనికొరకు 1985లో జోర్‌పోఖ్రియొద్ద ఒక అభయారణ్యము నేర్పరచిరి. దాని విస్తీర్ణము సుమారు పది యెకరములే. డార్జిలింగు జంతుప్రదర్శనశాలలో వీనిని పెంచి పిల్లలు పెట్టించుచున్నారు. ఆ శాల హైదరాబాదున జన్మించి పశ్చిమ బెంగాలు గవర్నరైన పద్మజానాయుడుగారి పేరు ధరించియుండుట చూచి, అంత దూరమున మాకు మనవారిని కలిసినట్లాయెను.

సెలవు తీసికొనునప్పుడు ఆ వృద్ధుని మడుగు సంగతి యడిగితిమి. అచ్చట పసులకొట్టము వేయవలెనని కుమారుని తలంపట. పిల్లలు నేలకెక్కువరకైనను ఆగుడని మాకు వచ్చిన హిందీలో బ్రతిమాలితిమి. ఆయన నవ్వి, "ఈ వానలు వెలియనిండు, చూతము" అనెను.